ఒక్కసారే మోగిన ఫోను

రైమో కర్పానెన్‌కి తెరవడం చేతకాని తాళం ఆ ఏడు ఇళ్ళలో ఒక్కటీ లేదు. ఈసాల్మి ఊరు దాటాక సరస్సుల ఒడ్డున విసిరేసినట్టుండే ఆ ఏడూ కోయివురిన్నె అనే కంపెనీ నడిపే వృద్ధాశ్రమాలు. రైమో అక్కడ చేరింది కంప్యూటర్ల కోసం కాదు, వాకిట్లో మంచు ఎత్తిపోయడానికి, గదుల్లో రేడియేటర్లు బాగుచేయడానికి. నడుముకి తాళాల గుత్తి వేలాడేసుకుని తిరిగేవాడు. కంప్యూటర్లు వచ్చినప్పుడు గోడల్లోంచి వైర్లు లాగింది అతనే కనక, వాటి కడుపులో ఏముందో కూడా అతనికే తెలిసుంటుందని అప్పటి మేనేజరమ్మ తీర్మానించేసింది. తెలియదని చెప్పడానికి మొహమాటపడి, రైమో పుస్తకాలు తెచ్చుకుని చదివి నేర్చుకున్నాడు. మా వైపు మనుషులు మొహమాటంతోనే సగం చదువులు చదివారు. అలా చేతిలోంచి పార పోయి కీబోర్డు వచ్చింది. తాళాల గుత్తి మాత్రం పోలేదు. ఇత్తడి తాళాలకి బదులు పాస్‌వర్డులు వచ్చాయి, అంతే.

ఒక్కో నర్సుకి తొమ్మిది పాస్‌వర్డులు. రోగుల రికార్డుకి ఒకటి, మందుల బీరువాకి ఒకటి, డ్యూటీ పట్టికకి ఒకటి, మెయిలుకి ఒకటి, వంటింటికి ఆర్డరు పంపాలంటే మరొకటి. ఒక్కొక్కటీ ఒక్కో రోజున గడువు తీరి చచ్చేది. చచ్చిన వెంటనే రైమో ఫోను మోగేది.

"రైమో, నేనే. మళ్ళీ పోయింది."

"ఏది? మందులదా, మెయిలుదా?"

"నాకేం తెలుసు! ఎర్రగా ఏదో మీదపడి అరుస్తోంది."

"సరే, ఇది ఏ నెల?"

"జనవరి... మడె చేపా?"

"మడె, పక్కన పన్నెండు. కొట్టు."

ఆ కాలంలో సరస్సులో ఏ చేప పడుతుంటే రైమో ఇచ్చే పాస్‌వర్డు అదే. భద్రత గురించి పైనుంచి ఎన్ని కాగితాలు వచ్చినా ఏడు ఇళ్ళలో పిల్లులకి కూడా తెలిసిన రహస్యం అది. రైమోకి ఆ ఫోన్లంటే విసుగని పైకి అనేవాడు గానీ, నిజం కాదు. ఇంట్లో పలకరించే మనిషి లేని వాడికి రోజుకి ముప్ఫైమంది "నేనే" అంటే, ఆ "నేనే" ఎవరో గొంతును బట్టి పోల్చుకోవడంలో ఒక గర్వం ఉండేది. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా పొరపడలేదు.

ఆ "నేనే" అన్నవాళ్ళలో అందరికన్నా తక్కువగా ఫోను చేసింది తెల్లెర్వో పుల్కినెన్. రాంతల ఇంట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నర్సు. ఎముక పెద్ద మనిషి, మాట చిన్నది. ఆవిడ పట్టుకుని లేపితే ముసలివాళ్ళకి నొప్పి తెలిసేది కాదు. పదకొండేళ్ళ క్రితం, కంప్యూటర్లో రాయడం తప్పనిసరి అయిన కొత్తల్లో, ఆవిడ ఒకే వారంలో మూడుసార్లు పాస్‌వర్డు పోగొట్టుకుని, నాలుగోసారి ఫోను చేయకుండా రైమో గదికే వచ్చి నిలబడింది.

"చూడు రైమో, నేను మనుషుల్ని ఎత్తడానికి, తినిపించడానికి చేరాను. ఈ తొమ్మిది ముక్కలు నా బుర్రలో నిలవవు. పని మానేయమంటే మానేస్తా."

"పని మానేయడమేంటి, పిచ్చా? నువ్వు దీని గురించి దిగులు పెట్టుకోకు. నేనున్నాగా, నేను చూసుకుంటా."

చూసుకున్నాడు కూడా. రాంతలలో మధ్యాహ్నం రెండింటికి అందరూ కాఫీకి కూచుంటారు. పొద్దుటివాళ్ళు దిగిపోయే వేళ, సాయంత్రంవాళ్ళు ఎక్కే వేళ అది. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, ఎవరి కాలు వాచింది, అన్నీ ఆ బల్ల దగ్గరే నోటితో చెప్పుకుంటారు. రైమో ఆ బల్ల పేరుతోనే ఒక లాగిన్ తయారుచేశాడు. తెల్లెర్వో చెబుతుంటే, పక్కన ఎప్పుడూ జంటగా పనిచేసే కైసు టైపు కొట్టేది. పదకొండేళ్ళపాటు రాంతల రికార్డులన్నీ "కాఫీ బల్ల" సంతకంతో నడిచాయి. ఒకసారి తనిఖీకి వచ్చినాయన, "ఈ కాఫీ బల్ల గారు చాలా కష్టపడి పనిచేస్తున్నారే, ఏ షిఫ్టు?" అని అడిగాడు. కైసు తడుముకోకుండా, "రెండింటి షిఫ్టండీ, సెలవే పెట్టదు" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అప్పట్లో నవ్వి ఊరుకునేవాళ్ళు.

తెల్లెర్వో సొంత పేరుమీద ఉన్న లాగిన్ మాత్రం అలాగే పడి ఉంది, ఎవరూ ముట్టుకోకుండా.

రాంతలలో సైమా మామ్మ అని తొంభై నాలుగేళ్ళావిడ ఉండేది. తన పేరు, పిల్లల పేర్లు, ఏ సంవత్సరమో, అన్నీ ఒక్కొక్కటే జారిపోయాయి. ఒకరోజు ఆవిడ గదిలో రేడియేటరు బిగిస్తూ కిటికీ కింద కూచున్న రైమో ఒక తమాషా చూశాడు. తెల్లెర్వో లోపలికి రాకుండా గుమ్మం మీద వేళ్ళతో మూడుసార్లు టకటకమని కొట్టింది. మంచంలోంచి సైమా మామ్మ తల ఎత్తింది.

"మంచు గట్టిగా ఉందా?"

"గట్టిగానే ఉంది మామ్మా. నా అడుగులో అడుగేసి రా."

అప్పుడు మామ్మ దుప్పటి తీసి, రెండు పాదాలూ నేలమీద పెట్టింది. నడిచి వచ్చి బల్ల దగ్గర కూచుని రై గింజల జావ తింది. ఇదేంటని రైమో అడిగితే తెల్లెర్వో చెప్పింది. సైమా పుట్టింది సరస్సు మధ్య దీవిలో. బడి అవతలి ఒడ్డున. చలికాలం పొద్దున్నే గడ్డకట్టిన సరస్సు మీద తండ్రి ముందు నడిచి, ఇనప మొన ఉన్న కర్రతో మంచుని పొడిచి చూసి, గట్టిగా ఉంటే కేకేసేవాడు. ఆ కేక వినపడేదాకా పిల్ల ఒడ్డు దిగకూడదు. మామ్మకి మిగిలిన జ్ఞాపకం అదొక్కటే. ఆ కేక లేకపోతే ఆవిడకి మంచం కింద నేల కాదు, నీళ్ళు.

"జూలైలో కూడా ఇంతేనా?" అన్నాడు రైమో.

"జూలైలో కూడా మా మంచు గట్టిదేనయ్యా" అంది తెల్లెర్వో, జావ గిన్నె చేతిలో పట్టుకుని.

ఈ సంగతి కూడా కాఫీ బల్ల రికార్డులో రాసే ఉంది, కైసు వేళ్ళతో.

పోయిన శరదృతువులో కంపెనీ పాత కంప్యూటర్లన్నీ వదిలించుకుని క్లౌడ్‌కి మారాలని నిశ్చయించింది. అదే సమయంలో మనుషుల్ని తగ్గించే చర్చలు కూడా మొదలయ్యాయి. ఎవరిని ఉంచుతారో, ఎవరిని ఇంటికి పంపుతారో తెలియక కాఫీ దగ్గర మాటలు తగ్గాయి. పన్నెండుమందికి ఉత్తరాలు వచ్చాయి. రాంతల ఇంటి మేనేజరు మెర్వికి ఒక ఇంటికి బదులు మూడిళ్ళు అప్పజెప్పారు. ఆమె కారులోనే భోంచేయడం నేర్చుకుంది.

క్లౌడ్ పని నడిపించడానికి తాంపెరె నుంచి పియా వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, చురుకు. చెడ్డదేం కాదు, ఆ మాట చెప్పుకోవాలి. ఆమె తల్లి కూడా నర్సే. తొమ్మిది పాస్‌వర్డుల కథ విని నుదురు కొట్టుకుంది.

"ఒక్కో నర్సు రోజుకి అరగంట లాగిన్‌లకే పోగొట్టుకుంటోంది రైమో! ఆ అరగంట ముసలివాళ్ళది కదా?"

కాదనడానికేముంది? అందుకే ఆమె మంత్రం రైమోకీ నచ్చింది: ఒక మనిషి, ఒక పేరు, ఒక బిళ్ళ. మెడలో వేసుకునే ఆ బిళ్ళ చూపిస్తే వాకిలి తెరుచుకుంటుంది, మందుల బీరువా తెరుచుకుంటుంది, కంప్యూటరు తెరుచుకుంటుంది. గుర్తుపెట్టుకోవడానికి ఏమీ ఉండదు. తెల్లెర్వోకి ఇక హాయి అనుకున్నాడు రైమో. నిజంగానే ఆవిడనే తలుచుకుని అనుకున్నాడు. తరవాత అదే అతన్ని ఎక్కువగా కాల్చింది. పేర్లింకా అచ్చు కాని బిళ్ళల్ని డిసెంబరులోనే అందరికీ పంచి, ప్రతి ఇంటి గోడకీ తనే కాగితం అంటించాడు: "జనవరి పదమూడు నుంచి నీ బిళ్ళే నీ సర్వస్వం."

కాఫీ బల్ల సంగతి వచ్చేసరికి పియా తల అడ్డంగా ఊపింది.

"దీనికి మనిషి ఎవరూ లేరు. బల్లకి గుర్తింపు సంఖ్య ఏం ఇస్తాం? రాసినవన్నీ పాత గోదాములో ఉంటాయి. కావాలంటే అర్జీ పెట్టి తెప్పించుకోవచ్చు."

జనవరి మొదటి వారంలో జాబితా కడిగే పని పడింది. ఏడాదిగా ఒక్కసారి కూడా లాగిన్ కాని పేర్లు ఎర్రగా వచ్చాయి. నలభై ఒకటి. పియా వేలు మీట మీద పెట్టి ఒక్కొక్కటే చదివింది, రైమో చెబుతూ పోయాడు.

"ఎల్వి హక్కరైనెన్."

"పింఛను తీసుకుంది. తీసెయ్."

"తౌనో రిసానెన్."

"పోయాడు పాపం. తీసెయ్."

"హిల్యా పుల్కినెన్."

రైమో ఒక్క క్షణం ఆగాడు. పుల్కినెన్‌లు మా వైపు గుట్టకొకరు ఉంటారు. హిల్యా ఎవరు? ఎండాకాలం సెలవులకి బదులుగా వచ్చిన పిల్లెవరో అయ్యుంటుంది. మెర్వికి ఫోను చేసి అడగొచ్చు. కానీ మెర్వి ఏ రోడ్డుమీద ఉందో, చేతిలో సాండ్‌విచ్ ఉందో. ఇంత చిన్నదానికి ఆమెని కదిలించడమెందుకు?

"ఎండాకాలం పిల్ల. తీసెయ్."

అరగంటలో నలభై ఒకటీ అయిపోయాయి. "నీ అంత జ్ఞాపకం ఏ కంప్యూటరుకీ లేదు రైమో" అంది పియా. రైమో సంతోషించాడు. నష్టం మెడలో గంట కట్టుకుని రాదని ఊరికే అన్నారా!

పదమూడు సోమవారం. బయట సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద. పియా, రైమో పొద్దున్న ఆరింటికే ఆఫీసులో కూచున్నారు. పియా ఒక నియమం పెట్టింది: ఫోను ఎత్తకూడదు. అందరూ తెరమీద ఉన్న ఫారం నింపి అడగాలి. ఒక్కసారి ఎత్తావంటే జన్మలో నేర్చుకోరు. ఆరున్నర నుంచి ఫోను మోగడం మొదలెట్టింది. మోగిన ప్రతిసారీ రైమో చెయ్యి దానంతటదే లేచేది, పియా కళ్ళతోనే కూచోబెట్టేది. ఆరూ నలభై ఎనిమిదికి తెరమీద "తెల్లెర్వో" అని వచ్చింది.

రైమో చూశాడు. పేరు స్పష్టంగా చూశాడు. ఫోను బోర్లా తిప్పి పెట్టాడు.

సాయంత్రం తీసి చూస్తే నలభై మూడు కాల్స్ ఉన్నాయి. ఒక్కొక్కళ్ళూ ఐదారుసార్లు చేశారు, ఒక్క కైసు తప్ప; ఆమె సెలవు మీద కానరీ దీవులకి వెళ్ళింది. తెల్లెర్వో ఒక్కసారే చేసింది. అవసరమైతే మళ్ళీ చేస్తుందిలే అనుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తెలిసిన మనిషి. మళ్ళీ చేసే మనిషి కాదని అతనికి తెలియదా? తెలుసు. అయినా అలా అనుకున్నాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా వైపు అమ్మనైనా అడగరు. మాట్లాడక తప్పనప్పుడు కూడా చుట్టూ తిప్పి మాట్లాడతారు, అర్థం చేసుకునే పూచీ వినేవాళ్ళ మీదే వదిలేస్తారు. ఆ రెండు వారాల్లో రాంతలలో పనిచేసే ఒకమ్మాయి తెల్లెర్వోని సూపర్ మార్కెట్లో చూసింది. "ఎలా ఉన్నావు?" అంటే, "ఏముంది, ఈమధ్య పొద్దున్నే తీరికగానే ఉంటోంది" అందిట తెల్లెర్వో. అమ్మాయి "అదృష్టవంతురాలివి" అని పాలడబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. డ్యూటీ పట్టికలో తెల్లెర్వో పేరు లేదు కనక సెలవులో ఉందనుకున్నారు అందరూ. కైసు కూడా లేదు కనక ఇద్దరూ కలిసే వెళ్ళారనుకున్నారు. ఖాళీ పడిన చోట కొత్త పట్టిక తనంతట తానే ఏజెన్సీ నుంచి ఎవరినో పిలిపించి పూడ్చేసింది. ఏదీ ఆగలేదు. ఆగి ఉంటే ఎవరైనా అడిగేవారు.

పదకొండు రోజుల తరవాత, శుక్రవారం, మెర్వి నుంచి ఫోను వచ్చింది. అప్పటికి పియా తాంపెరె వెళ్ళిపోయింది, రైమో ఎత్తాడు.

"రైమో, ఒకటి చూసి చెప్పు. జీతాల వాళ్ళు మెయిలు పెట్టారు. హిల్యా తెల్లెర్వో పుల్కినెన్‌కి పదమూడు నుంచి పని గంటలు లేవు, జబ్బు చేసిందా అని. నేను సెలవనుకున్నా. సెలవు కాగితం కూడా లేదు."

"ఎవరికి?"

"మన తెల్లెర్వో. బాప్తిస్మం పేరు హిల్యా అట. రెండో పేరుతో పిలుస్తున్నాం మనం. ఇన్నేళ్ళూ నాకే తెలీదు, చూడు."

మా వైపు సగం మంది రెండో పేరుతోనే బతుకుతారు. రైమో సొంత తండ్రి కూడా అంతే. పాత కంప్యూటర్లో పిలిచే పేరుకి వేరే గడి ఉండేది. కొత్తదానికి ఒకే పేరు చాలు, అదీ మొదటిది.

"రైమో? ఉన్నావా?"

"మెర్వీ, నేను తీసేశాను" అన్నాడు రైమో.

కారు తీసి ఆవిడ ఇంటికి బయల్దేరాడు. సరస్సు పాయకి అవతల చిన్న చెక్క ఇల్లు. గోడకి ఆనించి కాలితో తోసుకుంటూ వచ్చే మంచుబండి ఉంది, దాని మీద రెండు వారాల మంచు పేరుకుని ఉంది. రోజూ దాని మీదే ఆవిడ పనికి వచ్చేది. అది చూశాక తలుపు తట్టడానికి రైమోకి చెయ్యి రాలేదు. ఈలోగా తెల్లెర్వోనే తలుపు తీసింది.

"ఏమయ్యా, బయట నిలబడితే చేపల రొట్టె దానంతటదే నడిచొస్తుందా? లోపలికి రా."

కాఫీ పోసింది. కడుపులో చేపలు పెట్టి కాల్చిన ఆ రొట్టెని కోసి పెట్టింది. రెండో కప్పు పోస్తుండగా రైమో అన్నాడు.

"నీ పేరు నేనే తీసేశాను తెల్లెర్వో. తెలియక. జాబితాలో హిల్యా అని ఉంది."

తెల్లెర్వో చెయ్యి ఆగింది. తరవాత కాఫీ నిండుగా పోసి కూజా పొయ్యి మీద పెట్టి వచ్చింది.

"హిల్యానా! మా నాన్న పిలిచేవాడు, అదీ కోపమొస్తే."

"నిన్ను ఎవరూ పని మానేయమనలేదు. చర్చల్లో నీ పేరే రాలేదట. అందరూ నువ్వు సెలవులో ఉన్నావనుకుంటున్నారు."

"అలాగా" అంది ఆవిడ.

"బెల్ కొట్టలేకపోయావా? కిటికీ తట్టినా ఎవరో ఒకరు తీసేవాళ్ళు కదా!"

"బెల్ కొట్టి ఏమనాలి? 'అమ్మా, నన్ను తీసేశారా' అనా? మూడుసార్లు పెట్టి చూశానయ్యా ఆ బిళ్ళని. మూడుసార్లూ ఎర్ర లైటే. నీ బిళ్ళే నీ సర్వస్వం అని గోడమీద మీరే అంటించారు. పన్నెండుమందికి ఉత్తరాలొచ్చాయి, నాకు తలుపే ఉత్తరం అనుకున్నా."

"నాకు ఫోను చేశావు."

"చేశాను."

"ఇంకోసారి చేయాల్సింది."

"నువ్వు ఎత్తాల్సింది" అంది తెల్లెర్వో. కోపంగా అనలేదు. రొట్టె ముక్కలు ఊడ్చి అరచేతిలోకి తీసుకుంది. "నీకు తెలిసే ఉంటుందనుకున్నా. ఇన్నేళ్ళ స్నేహం కదా, ఆ మాట నాతో అనడానికి నోరు రాక ఎత్తడం లేదు పాపం, అనుకున్నా. మళ్ళీ చేసి నిన్ను ఇరకాటంలో పెట్టడం ఎందుకని ఊరుకున్నా."

రైమో తల వంచుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండును. ఆ చలిలో, తన ముప్ఫై ఒక్క ఏళ్ళ పని మూసుకుపోయిన తలుపు ముందు నిలబడి, ఆవిడ ఆలోచించింది రైమో ఇబ్బంది గురించి. అతనేమో పియా కళ్ళకి జడిసి ఫోను బోర్లా పెట్టాడు. నేను చూసుకుంటా అన్న నోరే "ఎండాకాలం పిల్ల, తీసెయ్" అంది. క్షమించమని అడుగుదామనుకున్నాడు. బయటికి వచ్చింది మాత్రం వేరేది.

"సోమవారం వస్తావా?"

తెల్లెర్వో ఎదురు ప్రశ్న వేసింది.

"సైమా మామ్మ లేస్తోందా? పొద్దున్నే ఎవరు పిలుస్తున్నారు?"

అతనికి తెలియదు. ఈ పదకొండు రోజుల్లో లాగిన్ ఎంతమందికి పనిచేసింది, ఎన్ని సెకన్లలో తలుపు తెరుచుకుంది, అన్నీ తెలుసు. సైమా మామ్మ లేచిందో లేదో తెలియదు.

"వస్తాను" అంది తెల్లెర్వో. "సోమవారం దాకా ఎందుకు, రేపే వస్తాను."

ఆ సాయంత్రం రైమో తాంపెరెకి ఫోను చేసి, బిళ్ళ మీద పిలిచే పేరే ఉండాలని పట్టుబట్టాడు. కుదరదంది పియా, కంప్యూటరు మొదటి పేరు తప్ప తీసుకోదంది. రైమో ఎన్నడూ లేనిది గొంతు పెంచాడు. జరిగింది విన్నాక పియా తనే కూచుని ఆ గడిని మార్చిపెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా పట్టుకున్నారు. పెద్ద అక్షరాలతో "తెల్లెర్వో" అని అచ్చయింది.

శనివారం ఏడింటికి ఇద్దరూ రాంతల వాకిట్లో నిలబడ్డారు. తెల్లెర్వో బిళ్ళ పెట్టింది. ఆకుపచ్చ లైటు వెలిగి, సెకనులో తలుపు తెరుచుకుంది. రైమో ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ కోటు విప్పి, చేతులు కడుక్కుని, ఎవరినీ పలకరించకుండా నేరుగా చివరి గదికి నడిచింది. రైమో వెనకే వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో అడిగితే చెప్పలేడు. మంచు గట్టిగా ఉందా అని అడిగే మామ్మ గొంతు ఒకసారి వింటే గుండెలమీద బరువు దిగుతుందనుకున్నాడేమో.

గది గుమ్మం పక్కన మనుషుల్ని ఎత్తే యంత్రం పెట్టి ఉంది. మునుపు అది ఆ గదిలో ఉండేది కాదు. దానిమీద అతికించిన చీటీలో, కాఫీ బల్ల రాతలు గోదాములోకి పోయాక వచ్చిన ఏజెన్సీ నర్సు ఎవరో రాశారు: "కాళ్ళు నేల మీద పెట్టడం లేదు. నడక పోయింది. ఇద్దరు కావాలి."

తెల్లెర్వో ఆ చీటీ చదివింది. గుమ్మం మీద వేళ్ళతో మూడుసార్లు కొట్టింది.

మంచంలో సైమా మామ్మ కళ్ళు తెరిచే ఉంది. గోడవైపు చూస్తోంది. ఏమీ అడగలేదు. తెల్లెర్వో కాసేపు ఆగి మళ్ళీ కొట్టింది. మామ్మ తల తిప్పింది గానీ పెదవి కదల్లేదు.

"మంచు గట్టిగానే ఉంది మామ్మా" అంది తెల్లెర్వో, ఆవిడ అడగకుండానే. "నా అడుగులో అడుగేసి రా."

"ఏ మంచు?" అంది సైమా మామ్మ.

తెల్లెర్వో దగ్గరికెళ్ళి మంచం పక్కన కూచుంది. చేతిలోకి చెయ్యి తీసుకుంది. మామ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు, ఇంటికి వచ్చిన అతిథిని చూసినట్టు మర్యాదగా చూసింది.

"కొత్తగా చేరావా అమ్మాయ్?"

"అవును మామ్మా" అంది తెల్లెర్వో. "ఇవాళే చేరాను."

మామ్మ మెడ ముందుకి చాచి, కళ్ళు చికిలించి, ఆవిడ గుండెల మీద వేలాడుతున్న బిళ్ళ మీది పెద్ద అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది.

"తెల్... లెర్... వో. తెల్లెర్వో. మంచి పేరు." కాసేపు ఆలోచించింది. "నాకూ ఒక తెల్లెర్వో ఉండేది. పొద్దున్నే వచ్చేది. ఇప్పుడు రావడం లేదు."

"ఎందుకని మామ్మా?"

"ఏమో మరి" అంది సైమా మామ్మ. "చెప్పకుండా మానేసింది."

రైమో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. తెల్లెర్వో వెనక్కి తిరిగి చూడలేదు. దుప్పటి సర్ది, మామ్మ పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని, చల్లగా ఉన్నాయని రుద్దడం మొదలుపెట్టింది.